తప్పని ఎవరూ చూపలేని అంకెలు

2022లో మెటా కంపెనీ డేటా సెంటర్లు వాడిన కరెంటు వల్ల వెలువడిన ఉద్గారాలు 273 టన్నులట. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లను నడిపే సర్వర్ల లెక్క అది. అదే ఏడాది, అవే డేటా సెంటర్లు, అదే కరెంటు. ఇంకో పద్ధతిలో లెక్కేస్తే 38 లక్షల టన్నులు దాటుతుంది. ఈ రెండో అంకెను ఎవరో గూఢచారులు బయటికి లాగలేదు. రెండూ కంపెనీ తన సస్టెయినబిలిటీ కాగితాల్లో, అంటే పర్యావరణం, భద్రత లాంటి వాటి మీద కంపెనీలు ఏటా ఇచ్చే లెక్కల్లో, చూపినవే. రెండూ నిబంధనల ప్రకారం ఒప్పే. ఎక్కడా అబద్ధం లేదు, నేరమూ లేదు.

నన్ను కంగారుపెట్టేది సరిగ్గా అదే.

ఈ తిరకాసు ఎలా వస్తుందో ముందు చెప్పుకుందాం. కంపెనీలు ఉద్గారాలు లెక్కేసుకోవడానికి దాదాపు ప్రపంచమంతా వాడే పద్ధతి జీహెచ్‌జీ (గ్రీన్‌హౌస్ గ్యాస్) ప్రోటోకాల్. 2001లో మొదలైంది. సొంత బాయిలర్లలో, వాహనాల్లో కాల్చిన ఇంధనం స్కోప్ 1. కొన్న కరెంటు స్కోప్ 2. సప్లయర్లు, రవాణా, అమ్మిన సరుకు వాడకం, ఇలా మిగిలిన ప్రపంచమంతా స్కోప్ 3. ఇందులో స్కోప్ 2ను రెండు రకాలుగా చెప్పాలని 2015లో నిర్ణయించారు. ఒకటి, డేటా సెంటర్ ఉన్న ప్రాంతపు గ్రిడ్‌లో సగటున యూనిట్‌కు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందో దాన్నిబట్టి. రెండోది, కంపెనీ ఎలాంటి కరెంటు కొన్నట్టు కాగితాలున్నాయో దాన్నిబట్టి. సోలార్, విండ్ ప్లాంట్ల వాళ్లు కరెంటుతో సంబంధం లేకుండా విడిగా సర్టిఫికెట్లు కూడా అమ్ముకోవచ్చు. అవి కొన్న కంపెనీ తన వాడకాన్ని సున్నా కింద రాసుకోవచ్చు. రాత్రి రెండింటికి సర్వర్లను నడిపింది బొగ్గు కరెంటే అయినా, ఎక్కడో మిట్టమధ్యాహ్నం పుట్టిన సర్టిఫికెట్ దానికి చెల్లుతుంది.

సర్టిఫికెట్లన్నీ దండగ అని నేననను. కొత్త విండ్ ప్లాంటు కట్టేవాళ్లతో పదిహేనేళ్లకు ఒప్పందం చేసుకుని, దాని పెట్టుబడికి ధైర్యమిచ్చిన కంపెనీ ఉంటుంది. ఎప్పుడో కట్టిన ఆనకట్ట దగ్గర మిగిలిపోయిన సర్టిఫికెట్లను చవగ్గా ఏరుకొచ్చిన కంపెనీ కూడా ఉంటుంది. ఇద్దరికీ పోలికే లేదు. రిపోర్టులో మాత్రం ఇద్దరి గడిలోనూ అదే సున్నా. బయట కూర్చుని చదివేవాడు ఆ సున్నా ఏ రకం సున్నాయో కనిపెట్టలేడు.

సస్టెయినబిలిటీ రిపోర్టుల మీద చర్చ వచ్చినప్పుడల్లా జనం రెండు జట్లుగా చీలిపోతారు. అంతా కంటితుడుపే అనేవాళ్లు ఒక జట్టు. ఏమీ చెప్పకపోవడం కన్నా ఏదో ఒకటి చెప్పడం మేలు కదా అనేవాళ్లు రెండో జట్టు. నాకు రెండూ తప్పుదారిలా కనిపిస్తాయి. ఈ రిపోర్టుల్లో పచ్చి అబద్ధాలు మనం అనుకునేంత ఉండవు. అలాగని చెప్పినంత మాత్రాన ఒరిగేదీ లేదు. బయటివాడెవడూ 'ఇది తప్పు' అని వేలు పెట్టి చూపించలేని అంకెలతో అవి నిండి ఉండటమే అసలు జబ్బు. తప్పని తేల్చే దారే లేని అంకెను కొలత అని నేను ఒప్పుకోను.

ఇలాంటి రిపోర్టులకు డేటా పోగుచేసే పని కొంతకాలం చేశాను. కంపెనీ పేరు అనవసరం. ఆర్థిక సంవత్సరం ముగియగానే అన్ని ప్లాంట్లకూ ఒక ఎక్సెల్ టెంప్లేట్ వెళ్తుంది. డీజిల్ ఎన్ని లీటర్లు, కరెంటు ఎన్ని యూనిట్లు, నీళ్లు ఎన్ని కిలోలీటర్లు, చెత్త ఎన్ని టన్నులు, ట్రైనింగ్ ఎన్ని గంటలు. అక్కడ దాన్ని నింపేది సేఫ్టీ ఆఫీసరో, స్టోర్స్‌లో ఉండే కుర్రాడో. ఇది వాళ్ల అసలు పని కాదు, నెత్తిన పడ్డ పని. డీజిల్ గడి బాగానే వస్తుంది, ఎందుకంటే బిల్లులుంటాయి. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఎవరు గుణించినా అదే జవాబు. ఏసీ గ్యాసు దగ్గరికొచ్చేసరికి నీళ్లు నములుతారు. ఆర్-410ఏ గ్యాసు ఒక కిలో గాల్లో కలిస్తే రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంత ఘాటైన గ్యాసును ఏడాదిలో ఎన్ని సిలిండర్లు నింపారంటే, 'ఏసీ కాంట్రాక్టర్‌ని అడగాలి సార్' అంటారు. ఆ కాంట్రాక్టర్ ఈపాటికి మారిపోయి ఉంటాడు.

ఒక ప్లాంటు నుంచి పన్నెండు నెలలకూ నీళ్ల వాడకం ఒకటే అంకె వచ్చింది. వానాకాలం, ఎండాకాలం తేడా లేదు. ఫోన్ చేసి అడిగితే, మీటరు చెడిపోయిందని, పంపు రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో దాన్నిబట్టి వేశామని చెప్పారు. అందులో దాపరికమేమీ లేదు, అడగ్గానే చెప్పేశారు. కానీ ఆ అంకె మిగతా ప్లాంట్ల అంకెలతో కలిసి, కంపెనీ మొత్తం నీటి వాడకంగా మారి, చక్కటి ఆకుపచ్చ పేజీలో అచ్చయ్యేసరికి దానికి దశాంశం తర్వాత రెండు స్థానాలు కూడా వచ్చాయి. చెడిపోయిన మీటరు సంగతి ఆ పేజీ దాకా రాలేదు. వచ్చే చోటే లేదు.

సొంత ప్లాంట్ల లెక్కే ఇలా ఉంటే స్కోప్ 3 గురించి వేరే చెప్పాలా. దీనికి 2011లో వచ్చిన ప్రమాణం 15 కేటగిరీలు పెట్టింది. వేలమంది సప్లయర్ల దగ్గర మీటర్లు చూసి రావడం ఎవరి తరమూ కాదు కాబట్టి చాలా కంపెనీలు ఖర్చును బట్టి లెక్కేస్తాయి. స్టీలుకు ఇన్ని కోట్లు పెట్టాం, స్టీలు రంగంలో రూపాయికో డాలరుకో సగటున ఇంత ఉద్గారం, గుణించు, అయిపోయింది. ఈ లెక్క ఎలా ప్రవర్తిస్తుందో చూడండి. స్టీలు ధర పెరిగితే కంపెనీ ఉద్గారాలు పెరుగుతాయి, ఒక్క కిలో స్టీలు ఎక్కువ కొనకపోయినా. సప్లయర్ తన ఫర్నేసు మార్చి కాలుష్యాన్ని సగానికి తగ్గిస్తే లెక్కలో కనిపించదు. పైగా శుభ్రంగా తయారు చేసిన స్టీలు ధర ఎక్కువ కాబట్టి, దాన్ని కొన్న కంపెనీ ఉద్గారాలు పెరిగినట్టు చూపిస్తుంది. మంచి పని చేసినవాడికి చెడ్డ మార్కులు వేసే లెక్క ఇది. దీన్ని కంపెనీ పనితీరు అని పిలవడం నాకు మింగుడుపడదు. అది కొనుగోళ్ల బడ్జెట్‌కు ఇంకో పేరు.

అలాగని స్కోప్ 3 వదిలేయాలా? వదిలేస్తే ఇంకా అన్యాయం. ఒక పీపా చమురు కాలిస్తే సుమారు 0.43 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చమురు కంపెనీ విషయంలో ఉద్గారాల్లో సింహభాగం ఆ సరుకును కొన్నవాళ్లు కాల్చినప్పుడు వచ్చేదే. రిఫైనరీ ఆఫీసు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టి ఫొటోలు వేసుకుని, అమ్మిన చమురును లెక్కలోంచి తప్పిస్తే అది రిపోర్టు కాదు, వెక్కిరింత. ఇంకో మాట: చమురు కంపెనీకి ఈ కేటగిరీ లెక్క కష్టమేమీ కాదు. ఎన్ని పీపాలు అమ్మిందో ఇన్వెస్టర్లకు ఎలాగూ చెబుతుంది. గుణించుకోవడానికి మనకు కాలిక్యులేటర్ చాలు. తేలిగ్గా సరిచూడగలిగే కేటగిరీలూ, గాలిలో మేడల్లాంటి కేటగిరీలూ కలిపి ఒకే మొత్తంగా చూపించడం వల్ల ఈ తేడా చెరిగిపోతోంది.

పెద్ద కంపెనీ ఒకటి తన లెక్కను నిజాయితీగా కిందిదాకా తవ్వితే ఏం బయటపడుతుందో ప్యూమా ఒకసారి చూపించింది. 2010 సంవత్సరానికి పర్యావరణానికి తాము చేసిన నష్టాన్ని డబ్బులోకి మార్చి 2011లో ప్రచురించింది. మొత్తం 14.5 కోట్ల యూరోలు. అందులో ప్యూమా సొంత ఆఫీసులు, దుకాణాలు, గోదాముల వాటా 80 లక్షల యూరోలే. సగానికి పైగా నష్టం బూట్లు కుట్టే ఫ్యాక్టరీలు కూడా దాటి అవతల, పత్తి చేలల్లో, రబ్బరు తోటల్లో, తోలు కోసం పశువులు పెంచే చోట జరుగుతోందని తేలింది. ఆ యూరోల విలువకట్టడం మీద ఎవరైనా ఎన్నైనా అభ్యంతరాలు చెప్పొచ్చు. ఒక నది ఖరీదు ఎంత అని తేల్చడం నాకూ నచ్చదు. కానీ ఎక్కడ చూడాలో అది చెప్పింది. ఆఫీసులో ఎల్‌ఈడీ బల్బులు మార్చామని రెండు పేజీలు రాసే కంపెనీలు ఆ 80 లక్షల మూలనే ఊడుస్తున్నాయని అర్థమైంది.

ఇక సరిహద్దుల సంగతి. దేన్ని 'మన' ఉద్గారం అనాలో కంపెనీ ఎంచుకోవచ్చు: వాటా ఉన్నంత మేరకు, లేదా నిర్వహణ తమ చేతిలో ఉన్నంత మేరకు. సగం వాటా ఉన్న చమురు క్షేత్రాన్ని భాగస్వామి నడుపుతుంటే, రెండో పద్ధతిలో ఆ క్షేత్రం స్కోప్ 1 లెక్కలోకే రాదు, లాభాలు మాత్రం వస్తాయి. అమ్మేయడం ఇంకా సులువు. ఆంగ్లో అమెరికన్ 2021 జూన్‌లో దక్షిణాఫ్రికాలోని తన థర్మల్ బొగ్గు గనులను తుంగేలా అనే కొత్త కంపెనీగా విడదీసింది. గనులు అక్కడే ఉన్నాయి, బొగ్గు తవ్వుతూనే ఉన్నారు. మారింది ఎవరి పుస్తకంలో రాస్తారన్నదే. ఆస్తులు అమ్మితే బేస్ ఇయర్ లెక్కను, అంటే పోలికకు పెట్టుకున్న పాత ఏడాది లెక్కను కూడా సరిచేయాలని ప్రోటోకాల్ చెబుతుంది, అలా చేస్తే తగ్గినట్టు చూపించుకోవడం కుదరదు. ఆ సవరణ రిపోర్టు చివర ఎక్కడో ఫుట్‌నోట్‌లో ఉంటుంది. మొదటి పేజీ గ్రాఫు చూసి మురిసిపోయేవాళ్లు అక్కడిదాకా వెళ్లరు.

మీథేన్ విషయంలో అయితే లెక్కకూ వాస్తవానికీ మధ్య దూరం ఎంతో కొంతవరకు తెలిసింది. పైపులైన్లు, వాల్వులు, బావుల నుంచి కారే ఈ వాయువును చాలాకాలం ఎవరూ కొలవలేదు. ఇన్ని వాల్వులున్నాయి, ఒక్కోటీ సగటున ఇంత కారుతుంది అని గుణించడమే. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో తేల్చిన దాని ప్రకారం ఇంధన రంగం నుంచి వెలువడే మీథేన్, ప్రభుత్వాలు అధికారికంగా చూపుతున్న దానికన్నా సుమారు 70 శాతం ఎక్కువ. ఎలా తెలిసింది? ఉపగ్రహాలు, విమానాలు, నేల మీద పెట్టిన పరికరాలు కొలిచాయి కాబట్టి. సగటు వాల్వు అనేది ఎక్సెల్‌లో ఉంటుంది, నేల మీద ఉండదు. నేల మీద ఎక్కువ వాల్వులు కొంచెం కారతాయి, ఒకటీ అరా మాత్రం నెలల తరబడి కారిపోతూ ఉంటాయి. గుణకాలతో వేసే లెక్కకు ఆ ఒకటీ అరా ఎప్పటికీ దొరకవు.

పర్యావరణం ఒక్కటే కాదు, ఈ రిపోర్టుల్లో మనుషుల భద్రత గురించీ అంకెలుంటాయి. వీటి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ అంకె తప్పుదోవ పట్టిస్తే శవాలు లేస్తాయి. అందరూ వాడేది గాయాల రేటు. అమెరికా లెక్కలో అయితే 2,00,000 పనిగంటలకు ఎన్ని గాయాలు అని చూస్తారు. వందమంది వారానికి 40 గంటల చొప్పున 50 వారాలు పనిచేస్తే అయ్యే గంటలవి. కాలు జారి పడటం, వేలు తెగడం, కంట్లో నలుసు పడటం, అన్నీ ఇందులోకి వస్తాయి. బీపీ కంపెనీలో 2005కు ముందు ఈ రేటు ఏటేటా మెరుగుపడుతూ వచ్చింది. 2005 మార్చి 23న టెక్సస్ సిటీ రిఫైనరీలో ఒక టవర్‌లోకి ద్రవం మోతాదు మించి ఎక్కింది. అది పొంగిపోతున్నప్పుడు కూడా కంట్రోల్ రూమ్‌లోని మీటరు మట్టం మెల్లగా తగ్గుతున్నట్టే చూపించింది. పేలుడు జరిగింది. 15 మంది చనిపోయారు, 180 మంది దాకా గాయపడ్డారు. చనిపోయినవాళ్లంతా కాంట్రాక్టు మనుషులు, యూనిట్ పక్కనే పెట్టిన ట్రైలర్ గదుల్లోనూ వాటి చుట్టుపక్కలా ఉన్నవాళ్లు.

అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007 జనవరిలో నివేదిక ఇచ్చింది. వ్యక్తిగత గాయాల రేటు తగ్గుతోంది కాబట్టి ప్లాంటు భద్రత కూడా బాగానే ఉందని కంపెనీ అనుకుందని, ఆ అనుకోవడమే పొరపాటని అందులో ఉంది. హెల్మెట్ పెట్టుకున్నారా, మెట్ల రెయిలింగ్ పట్టుకున్నారా అన్నది ఒక భద్రత. టవర్ పొంగుతుందా, వాల్వు తెరుచుకుంటుందా, మీటరు నిజం చెబుతుందా అన్నది వేరే భద్రత. మొదటిదాన్ని ఎంత బాగా కొలిచినా రెండోది తెలియదు. ఇంత జరిగాక కూడా ఈనాటి రిపోర్టుల్లో భద్రత పేజీ తెరవండి, పెద్ద అక్షరాల్లో ఉండేది ఆ గాయాల రేటే. కాలం చెల్లిన రిలీఫ్ వాల్వు పరీక్షలు ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయి, ఎన్నిసార్లు అలారం మోగితే పట్టించుకోలేదు, ఇలాంటివి వెతికినా దొరకవు.

సర్టిఫికెట్ల కథ దీనికన్నా దారుణం. కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్‌ఏ8000 అనే కార్మిక ప్రమాణాల సర్టిఫికెట్ వచ్చింది. సెప్టెంబరు 11న ఆ ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కొనుగోలు కంపెనీల రిపోర్టుల్లో 'మా సప్లయర్లలో ఇంత శాతం ఆడిట్ అయ్యారు' అనే వాక్యం ఉంటుంది చూశారా, దానికి అలీ ఎంటర్‌ప్రైజెస్ కూడా ఒక అంకె కలిపే ఫ్యాక్టరీయే. ఆడిట్ జరిగిందా అన్నది కొలిచారు. తలుపులు తెరుచుకుంటాయా అన్నది కొలవలేదు.

సరే, ఇన్ని లొసుగులుంటే ఆడిటర్లు ఏం చేస్తున్నట్టు? రిపోర్టు చివర వాళ్ల సంతకం ఉంటుంది, కానీ ఎక్కువగా అది 'లిమిటెడ్ అష్యూరెన్స్'. 'ఈ సమాచారంలో చెప్పుకోదగ్గ తప్పు ఉందని నమ్మడానికి కారణమయ్యేది ఏదీ మా దృష్టికి రాలేదు' అన్న ధోరణిలో ముగుస్తుంది. సరిగ్గా ఉందని చెప్పరు, తప్పని తెలియలేదంటారు. అందుకు తగ్గట్టే పని కూడా తక్కువ: కొన్ని ప్లాంట్లు చూడటం, కొన్ని బిల్లులు సరిపోల్చడం, కొన్ని ప్రశ్నలు వేయడం. ఆర్థిక లెక్కలకు ఇచ్చేది దీనికన్నా ఎంతో గట్టి హామీ. ఈ లిమిటెడ్ అష్యూరెన్స్ కూడా రిపోర్టు మొత్తానికి కాదు, ఎంపిక చేసిన కొన్ని సూచికలకే. ఏ సూచికలకు సంతకం పెట్టారో, దేనికి పెట్టలేదో ఆ పేజీలోని పట్టిక చూస్తే తెలుస్తుంది. నేనైతే రిపోర్టును అక్కడి నుంచే చదవడం మొదలుపెడతాను.

ఇలాంటి అంకెల మీద రేటింగులు కట్టేవాళ్లు మళ్లీ వేరే. 2015 సెప్టెంబరులో డౌ జోన్స్ సస్టెయినబిలిటీ సూచీ ఫోక్స్‌వ్యాగన్‌ను ఆటో రంగంలో అగ్రగామిగా నిలిపింది. అదే నెల 18న అమెరికా పర్యావరణ సంస్థ ఆ కంపెనీ కార్లలో పరీక్షను మోసం చేసే సాఫ్ట్‌వేర్ ఉందని ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా 1.1 కోట్ల కార్లు, రోడ్డు మీద కొన్నిటిలో నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి 40 రెట్ల దాకా. అక్టోబరులో సూచీ నుంచి పేరు తీసేశారు. ఇది ఒక్కచోట జరిగిన ప్రమాదం అనుకోకండి. ఆరు రేటింగ్ సంస్థలు కంపెనీలకు ఇచ్చే ఈఎస్‌జీ (పర్యావరణం, సమాజం, పాలన) మార్కులను పోల్చి 2022లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒకరి మార్కులకూ ఇంకొకరి మార్కులకూ సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1) 0.38 నుంచి 0.71 వరకే ఉందని తేలింది. ఆ తేడాలో 56 శాతానికి కారణం ఒకే విషయాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా కొలవడం. దేనికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలన్న దగ్గర వచ్చే తేడా 6 శాతమే. అంటే ఇది విలువల గొడవ కాదు, కొలతల గొడవ.

నిబంధనలు రావడం లేదా అంటే, కుప్పతెప్పలుగా వచ్చాయి. 1997లో మొదలైన జీఆర్‌ఐ, 2017 నాటి టీసీఎఫ్‌డీ సిఫార్సులు, 2023 జూన్‌లో ఐఎస్‌ఎస్‌బీ ప్రమాణాలు, యూరప్‌లో సీఎస్‌ఆర్‌డీ, భారత్‌లో సెబీ పెట్టిన బీఆర్‌ఎస్‌ఆర్. పేర్లు వేరైనా అన్నీ కంపెనీలు ఏమేం బయటపెట్టాలో చెప్పేవే. అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2024 మార్చిలో వాతావరణ నిబంధన తెచ్చి, 2025 మార్చిలో కోర్టులో దాన్ని సమర్థించుకోవడం మానేసింది. వీటి మధ్య ఒక్క తేడా ముఖ్యం: ఐఎస్‌ఎస్‌బీ అడిగేది వాతావరణం వల్ల కంపెనీ డబ్బుకు ఏం నష్టం అని. యూరప్ దానితో పాటు కంపెనీ వల్ల ప్రపంచానికి ఏం నష్టం అని కూడా అడుగుతుంది. నాకు రెండోదే అసలు ప్రశ్న. కానీ యూరప్ దానికోసం వెయ్యికి పైగా డేటా పాయింట్లు పెట్టింది. కంపెనీలు గగ్గోలు పెట్టాయి. 2025 ఫిబ్రవరిలో వెనక్కి తగ్గి, దాదాపు 80 శాతం కంపెనీలను పరిధిలోంచి తప్పించే ప్రతిపాదన తెచ్చింది. పర్యావరణ సంఘాలకు కోపం వచ్చింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. వెయ్యి గడులు నింపించడం కొలవడం కాదు. వెయ్యి గడులు ఎక్కువయ్యాయని కంపెనీలనే వదిలేయడమూ పరిష్కారం కాదు. గడులు తగ్గించి, మిగిలిన వాటిని గట్టివి చేయాల్సింది.

గట్టివి అంటే ఏమిటో చెప్పడానికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు, పాత ఉదాహరణ ఉంది. 1984 డిసెంబరులో భోపాల్. మరుసటి ఏడాది ఆగస్టులో అదే యూనియన్ కార్బైడ్ వాళ్ల ప్లాంటు నుంచి అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో గ్యాస్ లీకైంది. తమ వీధి చివర ఫ్యాక్టరీలో ఏముందో తమకు తెలియదన్న భయం అమెరికన్లకు అప్పుడు పట్టుకుంది. 1986లో చట్టం వచ్చింది. ఏ ఫ్యాక్టరీ, ఏ రసాయనం, ఏడాదికి ఎన్ని పౌన్లు గాల్లోకి, ఎన్ని నీళ్లలోకి వదిలిందో ఫ్యాక్టరీ పేరుతో సహా బయటపెట్టాలి. తగ్గించాలని చట్టం చెప్పలేదు, చెప్పాలని మాత్రమే చెప్పింది. 1987 లెక్కలు జనం చేతికి ఇంకా రాకముందే, 1988లో మోన్‌శాంటో అధిపతి తమ ఫ్యాక్టరీలు గాల్లోకి వదిలే విష రసాయనాలను 1992 ఆఖరుకల్లా 90 శాతం తగ్గిస్తామని ప్రకటించాడు. తన అంకెలు తానే చూసుకుని, పక్కింటివాళ్లు కూడా చూస్తారని తెలిసి వచ్చిన వణుకు అది.

ఆ పద్ధతి కూడా లోపాల్లేనిది కాదు. అందులోనూ చాలావరకు అంచనాలే. తొలి ఏళ్లలో చూపిన తగ్గుదలలో కొంత, కేవలం లెక్కకట్టే పద్ధతి మార్చడం వల్ల వచ్చిందే. కానీ ఆ సంగతి బయటపడింది కదా! ఫ్యాక్టరీ పేరు, రసాయనం పేరు ఉన్నాయి కాబట్టే, ఉత్పత్తి తగ్గకుండా, యంత్రాలు మారకుండా ఇది ఎలా తగ్గిందని అడగడానికి వీలైంది. ఖండాంతరాల్లో యాభై ప్లాంట్లను కలిపిన మొత్తాన్ని ఆ ప్రశ్న అడగలేం.

గనుల రంగంలో ఇదే ఇంకోసారి జరిగింది. 2019 జనవరి 25న బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యో దగ్గర వాలే కంపెనీ గని వ్యర్థాల ఆనకట్ట తెగి 270 మంది చనిపోయారు. ఆ కట్ట స్థిరంగా ఉందని 2018లోనే సర్టిఫికెట్ ఇచ్చారు. అప్పటికి ప్రపంచంలో ఇలాంటి కట్టలు ఎన్ని ఉన్నాయో, ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పే బహిరంగ జాబితా లేదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ పెన్షన్ ఫండ్, స్వీడన్ ప్రభుత్వ పెన్షన్ ఫండ్లు ముందుకొచ్చి ఏడు వందల గనుల కంపెనీలకు ఉత్తరాలు రాశాయి. అడిగింది సుస్థిరత విధానాల గురించి కాదు. ఒక్కో కట్ట ఎక్కడుంది, ఎత్తు ఎంత, ఎంత మట్టి పట్టి ఉంది, తెగితే ఎంత ముప్పు, స్థిరత్వం మీద ఎప్పుడైనా అనుమానాలు వచ్చాయా. 2020 జనవరి కల్లా పదిహేడు వందలకు పైగా కట్టల వివరాలు ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. కట్ట కింద ఊళ్లో ఉన్నవాడు తన పైన ఏముందో వెతుక్కోవచ్చు. ఇన్నేళ్ల మెరిసే రిపోర్టులు చేయలేని పని ఒక ఉత్తరం చేసింది.

దీనికి కంపెనీల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. ప్లాంటువారీగా చెబితే పోటీదారులకు మా ఖర్చులు తెలిసిపోతాయి అన్నది మొదటిది. అమెరికాలో రసాయన కంపెనీలు 1980ల నుంచి ప్లాంటువారీ అంకెలు బయటపెడుతూనే ఉన్నాయి, ఆ కారణంతో ఎవరైనా దివాలా తీశారని నేను వినలేదు. చెడ్డ అంకె చెబితే శిక్ష, దాచుకుంటే సుఖం అన్నది రెండోది. ఇందులో నిజముంది. గూగుల్ 2024లో ఇచ్చిన రిపోర్టులో తన ఉద్గారాలు 2019తో పోలిస్తే 48 శాతం పెరిగి 1.43 కోట్ల టన్నులకు చేరాయని రాసుకుంది, డేటా సెంటర్లు, సప్లై చెయిన్ కారణమని కూడా చెప్పింది. మర్నాడు పత్రికలన్నీ దాన్నే చీల్చి చెండాడాయి. ఆ మొత్తం కూడా కొన్న కరెంటు కాగితాలను మినహాయించుకున్న తర్వాతి లెక్కే, అందులో నాకు పేచీ ఉంది. అయినా పెరిగిందని మొహం మీద చెప్పిన రిపోర్టును, ప్రతి గ్రాఫూ కిందికే దిగే రిపోర్టుకన్నా నేను ఎక్కువ నమ్ముతాను. పత్రికలు కూడా ఆ తేడా గమనిస్తే బాగుండేది.

మూడో అభ్యంతరం ఖర్చు. ప్లాంటువారీ వివరాలు పోగుచేయాలంటే మనుషులు కావాలి, సిస్టమ్‌లు కావాలి అంటారు. ఇది మాత్రం నేను ఒప్పుకోను. కంపెనీ మొత్తం అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. ప్రతి ప్లాంటుకూ ఒక వరస, ప్రతి నెలకూ ఒక గడి ఉన్న ఎక్సెల్ ఫైలు హెడ్డాఫీసులో ఇప్పటికే ఉంది. ఏ అంకె బిల్లు నుంచి వచ్చింది, ఏది మీటరు నుంచి, ఏది అంచనా అన్న కాలమ్ కూడా చాలాచోట్ల అందులో ఉంటుంది, ఎందుకంటే ఆడిటర్ అడుగుతాడు. దాన్ని ఉన్నదున్నట్టు వెబ్‌సైట్‌లో పెట్టడానికి కొత్త సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, కన్సల్టెంటూ అక్కర్లేదు. లీగల్ డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే చాలు.